ముందు నంబర్ బోర్డులు పెట్టండి, గాజు వంతెనలు తర్వాత చూద్దాం

ఎడిటర్ గారికి నమస్కారం.

మూతపడ్డ సింగరేణి గనుల్ని టూరిజం స్పాట్లుగా మార్చాలంటూ పేపర్లలో అప్పుడప్పుడూ వార్తలు వస్తుంటాయి. ఒకసారి బోటింగ్ అంటారు, ఇంకోసారి గాజు వంతెన అంటారు, మరోసారి జనాన్ని బాయిలోకి, అంటే గని లోపలికి, దింపి చూపిస్తాం అంటారు. ఆ మాటలన్నీ చదివి చదివి నాకూ ఒక మాట చెప్పాలనిపించింది, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగు అవుతుంది, కత్తిరించాల్సి వస్తే మా ఇంటి కబుర్లు కత్తిరించండి గానీ సైకిల్ దారులకి పెట్టే నంబర్ బోర్డుల సంగతి మాత్రం ఉంచండి.

నేను సింగరేణిలో ఓవర్‌మన్‌గా (గని లోపలి పనిని దగ్గరుండి చూసుకునే ఉద్యోగం) చేసి రిటైరయ్యాను. మాది ఇల్లందు. ఇప్పుడు బెల్జియంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఊరి పేరు గెంక్, లింబర్గ్ అనే ప్రావిన్స్‌లో ఉంది. ఇదీ బొగ్గు ఊరే. మా వాడు పనిచేసే ఆఫీసు ఒకప్పటి వాటర్‌స్కై గని ఆవరణలోనే ఉంది. బాయి దిగొద్దని చదివిస్తే తిరిగి తిరిగి బాయి దగ్గరికే చేరాడని మా ఆవిడ నవ్వుతుంది. వాడు చేసేది కరెంటు, బ్యాటరీల మీద పరిశోధనలెండి, బొగ్గు పని కాదు.

ముందు ఈ నేల సంగతి. 1901లో ఆస్ అనే చిన్న పల్లె దగ్గర ఆండ్రే డ్యూమాంట్ అనే ఆయన బోరు వేయిస్తే అయిదు వందల మీటర్లు దాటాక బొగ్గు తగిలింది. అప్పటిదాకా ఇక్కడ ఇసుక నేల, తుప్పలు, గొర్రెలు తప్ప ఏమీ లేవట. ఆ తర్వాత బెరింగెన్, జోల్డర్, హౌట్‌హాలెన్, జ్వార్ట్‌బెర్గ్, వింటర్‌స్లాగ్, వాటర్‌స్కై, ఐస్డెన్ అని ఏడు గనులు వచ్చాయి. పనికి మనుషులు చాలక ఇటలీ, పోలండ్, గ్రీస్, టర్కీ, మొరాకోల నుంచి తెచ్చుకున్నారు. 1966లో జ్వార్ట్‌బెర్గ్ గని మూసేస్తామంటే కార్మికులు రోడ్డెక్కారు, ఆ గొడవల్లో ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంతకుముందే జోల్డర్‌లో కలిపేసిన హౌట్‌హాలెన్ పోను, మిగతావి 1987 నుంచి ఒకదాని వెనుక ఒకటి మూతపడ్డాయి, చివరిది జోల్డర్, 1992 సెప్టెంబరులో. బెల్జియంలో బొగ్గు తవ్వకం దాంతో సరి. గని మూతపడ్డ ఊరు ఎలా ఉంటుందో ఇల్లందు వాళ్లకీ బెల్లంపల్లి వాళ్లకీ నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఈ ప్రాంతమంతా సైకిల్ మీద తిరగడానికి ప్రపంచంలో ఎక్కడెక్కడి నుంచో వస్తారు. రేసు సైకిళ్ల కుర్రాళ్ల గురించి కాదు నేను చెప్పేది. నా వయసు వాళ్లు, నాకన్నా పెద్దవాళ్లు, మొగుడూ పెళ్లాలు పక్కపక్కన, వెనక క్యారియర్‌కి రెండు సంచులు తగిలించుకుని, చాలామందివి బ్యాటరీ సైకిళ్లు, ఊరూరా తిరుగుతూ, మధ్యాహ్నం ఏదో ఊళ్లో తిని, రాత్రికి ఇంకో ఊళ్లో పడుకుని, మర్నాడు మళ్లీ బయల్దేరతారు. దారి అడగరు. ఫోన్ కూడా పెద్దగా చూడరు. హ్యాండిల్ మీద చిన్న కాగితం ముక్క అంటించి ఉంటుంది, దాని మీద వరసగా నాలుగైదు నంబర్లు, అంతే.

ఆ నంబర్ల కిటుకు ఇది. సైకిల్ దారులు కలిసే ప్రతి కూడలిలో ఒక స్తంభం, దానికి నీలం బోర్డు, దాని మీద ఒక నంబరు. 75 అనుకోండి. అదే స్తంభానికి కింద చిన్న పలకలు, ఎడమకి బాణం వేసి 76, నేరుగా వెళ్తే 80, కుడికి 91 అని. మీరు ఇంట్లో మ్యాపు ముందేసుకుని ఈరోజు 75, 91, 97, మళ్లీ 75 అని రాసుకుంటే చాలు. కూడలికీ కూడలికీ మధ్య ఎక్కడ మలుపు వచ్చినా ఇంకో చిన్న బాణం కనబడుతుంది. ఓపిక అయిపోతే తర్వాతి కూడలి దగ్గర వేరే నంబరు పట్టుకుని ఇంటికి తిరగొచ్చు. ఓపిక మిగిలితే ఇంకో రెండు కూడళ్లు కలుపుకోవచ్చు. భాష రానక్కర్లేదు. నాకు డచ్ ముక్క రాదు, అంకెలు వస్తాయి కదా, సరిపోయింది.

దీన్ని కనిపెట్టింది హ్యూగో బోలెన్ అనే ఆయన. ఆయన టూరిజం మనిషి కాదండీ, మైనింగ్ ఇంజనీరు! ఇక్కడి బొగ్గు గనుల్లో పనిచేసినాయన. గనులు మూతపడ్డాక, 1995లో మొదటి నంబర్ల నెట్‌వర్క్ ఈ లింబర్గ్‌లోనే మొదలైంది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది, ఎందుకంటే బాయిలో మనం చేసేదీ ఇదే. బోర్డ్ అండ్ పిల్లర్ గనిలో, అంటే బొగ్గునే స్తంభాలుగా వదిలి మధ్యలో అడ్డం నిలువు దారులు తవ్వే గనిలో, పనిచేసిన ఎవర్నైనా అడగండి. కింద చీకట్లో నాలుగు రోడ్లూ ఒకేలా ఉంటాయి, అన్నీ నల్లగోడలే. అందుకే ప్రతి జంక్షన్ దగ్గర పిల్లర్‌కి సున్నం పూసి ఇన్నో లెవెల్ (అడ్డదారి) ఇన్నో డిప్ (కిందికి దిగే దారి) అని రాస్తారు. బొగ్గు నింపే పనికి కొత్తగా వచ్చిన కోల్‌ఫిల్లర్‌కి మొదటి రోజు నేర్పేది అదే, నంబరు చూసుకుంటూ పో, నంబరు చూసుకుంటూ రా. ఏదైనా జరిగితే ఫోన్‌లో చెప్పేదీ ఆ నంబరే, 32 లెవెల్ 5 డిప్ దగ్గర రూఫ్ పడింది అని. ఇలాంటి ఆలోచన బాయి దిగినవాడికే వస్తుందని నా నమ్మకం, పైన పుట్టి పైన పెరిగినవాళ్లు బాణం గుర్తుతో "సీనిక్ రూట్" అని ఒక పెద్ద బోర్డు పెట్టి ఊరుకుంటారు.

ఆ తేడా చిన్నదేం కాదు. ఒకే ఒక రూట్ గీసి, ఇక్కడ మొదలుపెట్టి అక్కడ ముగించండి అంటే ఆ రూట్ మీద ఉన్న నాలుగు హోటళ్లు బాగుపడతాయి, పక్క ఊళ్లు అలాగే ఉంటాయి. రోడ్డు మరమ్మతు వచ్చి మధ్యలో ఒక ముక్క మూసేస్తే రూట్ మొత్తం పోయినట్టే. అదే నంబర్ల వలలో ఎవడి దారి వాడిది. ఎవరు ఎటు పోతారో ఎవరికీ తెలియదు కాబట్టి ప్రతి పల్లెకీ ఏదో కొంత దక్కుతుంది. ఇక్కడ ఎంత చిన్న ఊరైనా చర్చి ఎదురుగా ఒక కెఫే, బయట సైకిళ్లు పెట్టుకునే స్టాండు, లోపల కాఫీ, పండ్ల ముక్కలు వేసిన పెద్ద గుండ్రటి తీపి రొట్టె (ఇక్కడ దాన్ని ఫ్లాయ్ అంటారు, చెర్రీది తినండి, ఆప్రికాట్‌ది మరీ పులుపు). ఆ కెఫే నడిపే వాళ్లకి ఏ ప్యాకేజీ టూర్‌తోనూ కమీషన్ ఒప్పందం అక్కర్లేదు. ఇంకో మాట. బోర్డు విరిగినా, బాణం ఎవరో కొంటెవాడు తిప్పేసినా చూసి చెప్పడానికి వాలంటీర్లు ఉన్నారు, తలా కొంత దారి దత్తత తీసుకున్నట్టు తిరిగి చూస్తుంటారు. ఎక్కువగా రిటైరైనవాళ్లే. మన దగ్గర గని రిటైరీలకి పొద్దున్నే లేచే అలవాటు పోదు, పని లేక పార్కు బెంచీల మీద యూనియన్ ఎన్నికల గురించి కొట్లాడుకుంటుంటారు, ఈ పని ఇస్తే కళ్లకద్దుకుని చేస్తారు.

ఇంతకీ ఏముంది చూడటానికి అంటారేమో. నిజం చెప్పాలంటే కొండల్లేవు, లోయల్లేవు, కోటలు అంతంత మాత్రం. నేల చదును. ఉన్నవల్లా గని మిగిల్చినవే. వింటర్‌స్లాగ్ గని దగ్గర రెండు హెడ్‌గేర్లు (మనుషుల్నీ బొగ్గునీ పైకి లాగే చక్రాలుండే ఎత్తైన గోపురాలు) అలాగే నిలబెట్టారు, కింది యంత్రాల హాల్లో ఇప్పుడు నాటకాలు, సినిమాలు, పక్కన ఆర్ట్ కాలేజీ, దాని పేరు సీ-మైన్. హెడ్‌గేర్ పైకి మెట్లెక్కి చూస్తే ఊరంతా చెట్లే. వాటర్‌స్కైలో గని ఆఫీసు భవనాన్ని పాడుచేయకుండా బాగుచేసి వాడుకుంటున్నారు. బెరింగెన్‌లో అయితే బొగ్గు కడిగే వాషరీతో సహా చాలావరకు ఉంచేశారు, మ్యూజియం ఉంది, అక్కడ చూపించేవాళ్లలో పాత కార్మికులూ ఉంటారు. వాళ్ల మట్టికుప్ప మీద పిల్లలకి ఆడుకునే కొండ చేశారు, జారుడు బండలు, ఎక్కే తాళ్లు. మన ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు మీది మట్టి తీసి పోసిన ఓబీ డంపుల్లాగే ఉంటుంది ఆ కుప్ప, కాకపోతే ఓపెన్‌కాస్ట్ మట్టి కాదు, బొగ్గుతో పాటు పైకొచ్చిన రాయి. ఇలాంటి కుప్పల మీద ఇప్పుడు తెల్ల బెరడు చెట్లు, బర్చ్ అంటారు, వాటంతట అవే మొలిచాయి.

గనుల్ని కలుపుతూ బొగ్గు రైలు లైను ఉండేది. దాని కట్ట మీద చాలా చోట్ల ఇప్పుడు సైకిల్ దారి. రైలు కట్ట అంటే తెలుసు కదా, ఎత్తుపల్లాలుండవు, మలుపులు మెల్లగా తిరుగుతాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అంతకన్నా మంచి దారి దొరకదు. ఆ దారిన తూర్పుగా వెళ్తే హోగె కెంపెన్ నేషనల్ పార్కు, 2006లో తెరిచారు, ఈ దేశానికి అదే మొదటిది. ఐస్డెన్ గని ఆవరణ ఆ పార్కుకి ఒక గేటు అయింది. గని ఆఫీసు హోటలైంది. ఆగస్టు చివర్లో వెళ్తే ఇసుక నేలంతా ఊదా రంగు పూలు. మా ఆవిడకి తంగేడు గుర్తొచ్చింది, నాకు మాత్రం అక్కడి కాలనీ నచ్చింది. కార్మికుల ఇళ్లు, ముందు కంచెగా కత్తిరించిన చెట్లు, ప్రతి ఇంటికీ కూరగాయలు పెంచుకునేంత జాగా, మధ్యలో గని కంపెనీ కట్టించిన చర్చి, అది కేథడ్రల్ అంత ఉంది. ఆ ఇళ్లలో జనం ఇంకా ఉంటున్నారు, రంగులు వేసుకుని, సైకిల్ వాళ్లు వచ్చి ఫొటోలు తీసుకునేంత శుభ్రంగా. మన దగ్గర బాయి మూసేస్తే క్వార్టర్లకి తలుపులు, కిటికీలు కూడా మిగలవు.

ఇక ఇక్కడి ఫేమస్ స్పాట్. బోక్రైక్ దగ్గర ఒక చెరువుని అడ్డంగా కోసినట్టు సైకిల్ దారి వేశారు, రెండు వందల మీటర్ల చిల్లర పొడవు, మూడు మీటర్ల వెడల్పు, దారి నీటిమట్టం కన్నా కిందికి దిగుతుంది. సైకిల్ మీద పోతుంటే నీళ్లు భుజం దగ్గరికొస్తాయి, బాతు వచ్చి మొహంలో మొహం పెట్టి చూస్తుంది. 2016లో తెరిచారు. 2019లో అడవిలో చెట్ల మధ్య గుండ్రంగా పైకి లేచే దారి ఒకటి, పది మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తుంది, 2021లో పూల మైదానం మీద వంతెన. ఇన్‌స్టాగ్రాం అంతా ఇవే. మన మంత్రులూ అధికారులూ స్టడీ టూర్‌కి వస్తే వీటినే చూసి, వీటి ముందే గ్రూపు ఫొటో దిగి, ఇలాంటిదే మనమూ కడదాం అని వెళ్లిపోతారని నా భయం.

తేదీలు చూడండి. నంబర్లు 1995లో. నీళ్లలో దారి 2016లో. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్లు. ఆ ఇరవై ఏళ్లూ కర్రకి పలక కొట్టి, ఉన్న పొలం దారుల్నీ కాలువ గట్లనీ రైలు కట్టల్నీ కలుపుకుంటూ పోయారు. జనం రావడం అలవాటయ్యాకే పెద్ద ఖర్చు పెట్టారు. చెరువు మధ్య దారి చూసినవాడు మళ్లీ బోర్డు పట్టుకుని ఇంకో ఊరికి పోతాడు కాబట్టి అది పనిచేసింది, ఆ వల లేకపోతే అది కారులో వచ్చి సెల్ఫీ తీసుకుని పోయే చోటు అయ్యేది, పక్క ఊరికి టీ డబ్బులు కూడా వచ్చేవి కావు. ఈ నంబర్ల పద్ధతి తర్వాత బెల్జియం ఉత్తర భాగమంతా, నెదర్లాండ్స్ అంతా పాకింది, జర్మనీలో రూర్ బొగ్గు ప్రాంతంలో కూడా పెట్టుకున్నారు. అంటే ఒక బొగ్గు బెల్టులో పుట్టి ఇంకో బొగ్గు బెల్టుకి చేరింది. మూడోది మనది ఎందుకు కాకూడదు?

అయితే దీన్ని మరీ ఆకాశానికి ఎత్తేయడం కూడా తప్పే. సైకిళ్లు వచ్చి గని ఉద్యోగాలు తిరిగి ఇవ్వలేదు. గెంక్‌లో గనులతో పాటు ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ ఉండేది, 1964 నుంచి, గని పోయినా అది ఉంది కదా అని బతికారు, 2014 డిసెంబరులో అదీ మూసేశారు, వేల ఉద్యోగాలు పోయాయి. కెఫేలో కాఫీ అందించే పనికీ గని జీతానికీ ఎంత తేడానో కార్మికుడి కొడుక్కి తెలుసు. కాబట్టి సైకిల్ దారులు వేస్తున్నాం కాబట్టి కారుణ్య నియామకాలు అడగకండి అని రేపు ఎవరైనా అంటే నమ్మకండి. ఊరు ఖాళీ కాకుండా ఉండటానికి, ఇల్లు అద్దెకివ్వడానికి, హోటల్ పెట్టుకున్నవాడు నడపగలగడానికి ఇది సాయపడుతుంది, అంతవరకే.

మన దగ్గర సైకిల్ ట్రాక్ అంటే గుర్తొచ్చేది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచినది. 23 కిలోమీటర్లు, పైన సోలార్ కప్పు, 16 మెగావాట్లు. బాగుంది, నేనూ చూశాను, ఎండలో నీడ అంటే మాటలా. కానీ అది కార్లో సైకిల్ వేసుకెళ్లి, తొక్కి, మళ్లీ కార్లో వేసుకొచ్చే చోటు. ఆ ట్రాక్ మీద ఊళ్లు తగలవు. ఇల్లందు, కొత్తగూడెం వైపు కావల్సింది దానికి పూర్తిగా వేరే రకం. మన సింగరేణిలో మొదట బొగ్గు పైకి తీసింది ఇల్లందులోనే, 1889లో, ఆ ఊరి చరిత్ర చూద్దామని వచ్చేవాడికి ఇవాళ ఏది ఎక్కడుందో చెప్పే ఒక్క బోర్డు లేదు. చుట్టూ అడవి ఉంది, పాల్వంచ వైపు కిన్నెరసాని ఉంది, చెరువు గట్లున్నాయి, పాత ఇంక్లైన్లకి (వాలుగా దిగే గనులకి) వెళ్లే రోడ్లున్నాయి, గూడేలున్నాయి. దారులు కొత్తగా వెయ్యక్కర్లేదు, ఉన్నవాటిని కలపాలి.

కష్టాలు నాకు తెలియవనుకోకండి. మార్చి నుంచి జూన్ దాకా కొత్తగూడెం ఎండలో సైకిల్ తొక్కమంటే పోలీస్ కేసు పెట్టాలి, కాబట్టి సీజన్ నవంబరు నుంచి ఫిబ్రవరి, అంతే. బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు మీద ఒక్క నంబరు కూడా పెట్టకూడదు, ఆ డ్రైవర్లకి ట్రిప్పుల లెక్క తప్ప ఇంకేదీ కనబడదు. పాత పనుల మీద నేల కుంగిన చోట్లు ఉంటాయి, డిపిల్లరింగ్ చేసిన, అంటే బొగ్గు స్తంభాలు కూడా తీసేసిన, గోఫ్ (ఖాళీ చోటు) పైన మనిషినే నడవనివ్వం, సైకిల్ ఎలా పోనిస్తాం, వాటి ప్లాన్లు గని సర్వే ఆఫీసుల్లో ఉంటాయి, వాటిని ముందు బయటికి తీసి ఎక్కడ దారి ఉండొచ్చో ఎక్కడ ఉండకూడదో సర్వేయర్లతో గీయించాలి. కుక్కల సంగతి వేరే చెప్పాలా.

అసలు టెన్షన్ ఇవేవీ కావు. లింబర్గ్‌లో హెడ్‌గేర్లు, రైలు కట్ట, ఆఫీసు భవనం నిలబడి ఉన్నాయి కాబట్టే ఈ కథంతా నడిచింది. మన దగ్గర బాయి మూసిన ఏడాదికే పట్టాలు, హాలర్లు (లాగే యంత్రాలు), టబ్బులు (బొగ్గు తొట్లు) స్క్రాప్ టెండర్‌కి పోతాయి. పట్టాలు పోతే పోయాయి, ఇనుము విలువైనదే, కానీ పట్టాల కింద ఉన్న కట్ట, ఆ సన్నటి భూమి పట్టీ, దాన్ని ముక్కలు ముక్కలుగా ప్లాట్లు కొట్టుకుంటే ఇంక ఏ బోలెన్ వచ్చినా చేసేదేం లేదు. ఒక్కచోట తెగినా దారి తెగినట్టే.

అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీ భద్రాద్రి కొత్తగూడెం, మంచిర్యాల జిల్లా ఎడిషన్ల విలేకరులతో ఒక పని చేయించండి. మూతపడ్డ ప్రతి ఇంక్లైన్‌కీ, ప్రతి పాత రైలు సైడింగ్‌కీ ఇప్పుడు భూమి ఎవరి చేతిలో ఉంది, సింగరేణి దగ్గరా, అటవీ శాఖ దగ్గరా, రెవెన్యూ దగ్గరా, లేక ఎవరి కాంపౌండ్ గోడ లోపలా, ఎంత మేర ఖాళీగా ఉంది, మ్యాపు వేసి అచ్చేయండి. నంబర్లు రాయడానికి సున్నం, బ్రష్షు, కొంతమంది రిటైరైన ఓవర్‌మన్లు మా ఇల్లందులోనే దొరుకుతారు, సంక్రాంతికి తిరిగొచ్చాక నేనూ వాళ్లలో ఉంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఓవర్‌మన్,
ఇల్లందు (ప్రస్తుతం గెంక్, బెల్జియం)